రెండు వారాలు కుస్తీ పడితే గానీ రాని ఎడిటర్‌ని ‘ఇంట్యూటివ్’ అని ఎలా అంటారు?

గోంగూరపప్పు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. ‘ఏ ఎడిటర్ గొప్పది’ అని కొట్టుకోవడానికి పెట్టిన పోస్టు కాదు ఇది, నిజంగానే సందేహం.

ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ నీలం స్క్రీన్, చివరి ఏడాది ప్రాజెక్టుకి వీఎస్ కోడ్, అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే. పైథాన్ రాస్తాను, అప్పుడప్పుడు కొంచెం జావాస్క్రిప్ట్. వీఎస్ కోడ్‌ని నాకు ఎవరూ నేర్పలేదు. తెరిచాను, ఎడమ పక్క ఫైళ్లు, మధ్యలో కోడ్, కింద టెర్మినల్ కనపడ్డాయి, అరగంటలో పనిలో పడ్డాను.

పోయిన నెల ఒక రాత్రి సర్వర్ మీద కాన్ఫిగ్ ఫైల్లో ఒక్కటంటే ఒక్క పోర్టు నంబరు మార్చాల్సి వచ్చింది. అక్కడ ఉన్నది విమ్ అనే టెర్మినల్ ఎడిటర్ మాత్రమే. తెరిచి టైప్ చేస్తుంటే కొన్ని అక్షరాలు పడవు, కొన్ని ఎక్కడో పడతాయి, ఒక లైను ఉన్నట్టుండి మాయమైపోయింది. టెన్షన్‌లో అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టాను, స్క్రీన్ బిగుసుకుపోయింది. సీనియర్‌కి ఫోన్ చేస్తే నిద్ర గొంతుతో ‘కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టు’ అన్నారు. కొట్టాను, తెర మీద చీమ కూడా కదల్లేదు. విండో మూసేసి పడుకున్నా. పొద్దున్నే మళ్లీ ఆ ఫైలు తెరిస్తే ‘అటెన్షన్’ అంటూ పేరాలు పేరాలు ఏదో చెప్పింది, అది చదివే ధైర్యం లేక ఆయన్నే పిలిచాను.

ఇప్పుడు ఆయన సలహా ఏంటంటే, ‘రెండు వారాలు విమ్ తప్ప ఇంకోటి ముట్టుకోకు, తర్వాత నీకే తెలుస్తుంది, దానంత ఇంట్యూటివ్ ఎడిటర్ ఇంకోటి లేదు’ అని. నాకు అర్థం కానిది ఇదే. రెండు వారాలు కుస్తీ పడితే గానీ రానిదాన్ని ఇంట్యూటివ్, అంటే నేర్పకుండానే వచ్చేది, అని ఎలా అంటారు? అరగంటలో వచ్చినదాన్ని కదా అనాలి? అసలు ఈ ముక్కకి అర్థం నాకు తెలుసా తెలియదా అని అనుమానం వచ్చింది. మీరు మీ ఎడిటర్‌ని ఎలా ఎంచుకున్నారు, ఎన్నాళ్లకి చేతికొచ్చింది, నిజం చెప్పండి. ల్యాప్‌టాప్ 8 జీబీ, బ్రౌజరూ రెండు కంటెయినర్లూ (యాప్‌లని విడివిడిగా నడిపే పెట్టెలు) వీఎస్ కోడూ కలిపితే ఫ్యాను హెలికాప్టర్‌లా తిరుగుతుంది, అదొకటి.

పాత_కీబోర్డు:

ముందు నీ స్క్రీన్ సంగతి తమ్ముడూ. కంట్రోల్ ఎస్ కొడితే టెర్మినల్ చావలేదు, ఆగింది అంతే. టెలిటైప్‌ల కాలం నుంచి ఆ మీటకి ‘కాస్త ఆగు, ఇక పంపకు’ అని అర్థం. కంట్రోల్ క్యూ కొడితే మళ్లీ కదిలేది. పైగా ఆగింది తెర మాత్రమే, నువ్వు కొట్టిన మీటలన్నీ లోపలికి పోతూనే ఉన్నాయి. అప్పుడు నువ్వు ఇన్సర్ట్ మోడ్‌లో, అంటే కొట్టిందల్లా అక్షరంగా పడే స్థితిలో ఉండి ఉంటావు, మీ సీనియర్ ‘ముందు ఎస్కేప్ నొక్కు’ అని చెప్పడం మర్చిపోయి ఉంటాడు, ఆ కోలనూ క్యూ అన్నీ ఫైల్లో అక్షరాలుగా పడ్డాయి. పొద్దున వచ్చిన అటెన్షన్ కూడా తిట్టు కాదు. సేవ్ చేయకుండా విండో మూసేశావు కదా, ఆ పనిని పక్కన స్వాప్ ఫైల్లో దాచాను, కావాలంటే ఆర్ నొక్కి తెచ్చుకో, అక్కర్లేదంటే డీ నొక్కి పారెయ్ అంటోంది.

ఇక ఇంట్యూటివ్ గొడవ. నువ్వే టర్బో సీ ఊసెత్తావు కాబట్టి అక్కడికే పోదాం. ఎఫ్2 కొడితే సేవ్, కంట్రోల్ ఎఫ్9 రన్, కాపీకి కంట్రోల్ ఇన్సర్ట్, పేస్ట్‌కి షిఫ్ట్ ఇన్సర్ట్. ప్రోగ్రాం ఏం ప్రింట్ చేసిందో చూడాలంటే ఆల్ట్ ఎఫ్5 నొక్కాలని ఎవరికైనా పుట్టుకతో తెలుస్తుందా? అయినా మా బ్యాచ్‌లో అందరం కళ్లు మూసుకుని నొక్కేవాళ్లం, రికార్డు బుక్కులో రాసినట్టే. అందులో కంట్రోల్ వై కొడితే లైను మొత్తం పోతుంది. మొదటి ఉద్యోగంలో విజువల్ స్టూడియో ఇచ్చారు, అందులో కంట్రోల్ వై అంటే రీడూ. నేను లైను తీసేద్దామని నొక్కడం, అంతకుముందు అండూ చేసి వదిలించుకున్న చెత్త తిరిగి రావడం, ఇదేం దిక్కుమాలిన ఎడిటర్రా అని తిట్టుకోవడం. నాకు ఇంట్యూటివ్ అంటే అప్పుడు టర్బో సీయే.

మెకింటాష్ ప్రాజెక్టు మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ 1994లోనే ఈ మాట మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. జనం ఒక సాఫ్ట్‌వేర్‌ని ఇంట్యూటివ్ అంటే, అది వాళ్లకి ముందే అలవాటైన దానిలా ఉందని అర్థం, అంతకు మించి ఏమీ లేదని ఆయన వాదన. వీఎస్ కోడ్ నీకు అరగంటలో వచ్చింది అంటే, అంతకు ముందు పదేళ్లు నోట్‌ప్యాడ్, వర్డ్, బ్రౌజర్ వాడావు. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ, మౌసుతో సెలెక్ట్ చేయడం, ట్యాబులు, అన్నీ ఎప్పుడో నేర్చేసుకున్నావు. ఆ పదేళ్లని లెక్కలో వేయకుండా అరగంట అంటున్నావు.

విమ్‌కి మూలమైన వీఐ కూడా పుట్టినచోట వింతగా ఉండేది కాదు. 1976 ప్రాంతంలో బిల్ జాయ్ బర్క్‌లీలో దాన్ని రాస్తున్నప్పుడు ఆయన ముందున్నది ఏడీఎమ్-3ఏ టెర్మినల్. దాని మీద బాణాలకి వేరే మీటలు లేవు, హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే బాణం గుర్తులు అచ్చేసి ఉండేవి. ఎస్కేప్ ఇప్పుడు మనకి టాబ్ ఉన్నచోట, చిటికెన వేలికి దగ్గర్లో ఉండేది. ఇంట్లో ఆయనకున్న మోడెమ్ 300 బాడ్, అంటే సెకనుకి 30 అక్షరాలు. 24 లైన్లు, లైనుకి 80 అక్షరాలు ఉన్న తెర ఒకసారి నిండాలంటే నిమిషం పైనే పడుతుంది. అలాంటి తీగ మీద మెనూలు గీసుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది, ఒక్క అక్షరం కొడితే పని జరిగిపోవాలి. మనం ఆ కీబోర్డు పారేసి, ఆ మోడెమ్ పారేసి, మీటలు మాత్రం ఉంచుకున్నాం. వింతగా ఉండక ఏం చేస్తుంది.

మీ సీనియర్ అబద్ధం చెప్పలేదు గానీ మాట తప్పు వాడాడు. చేతికి అందడం వేరు, చేయి తిరగడం వేరు. ఆయన చెప్తున్నది రెండోది. నాకు విమ్‌లో చేయి తిరగడానికి రెండు వారాలు కాదు, దాదాపు మూడు నెలలు పట్టింది, మొదటి నెల ఆఫీసులో పని సగానికి పడిపోయింది కూడా. ఇది ఎవరూ చెప్పరు.

ఉప్మా_వద్దు:

ఒక్క పోర్టు నంబరు మార్చడానికి మూడు నెలల తపస్సు దేనికండి. సర్వర్‌లో నానో అనే చిన్న ఎడిటర్ ఉందేమో చూడండి, చాలా లినక్స్‌లలో ఉంటుంది. ఏ మీట దేనికో కిందే రాసి ఉంటుంది, టోపీ గుర్తు అంటే కంట్రోల్ అని తెలిస్తే చాలు. కంట్రోల్ ఓ సేవ్, కంట్రోల్ ఎక్స్ బయటికి. గిట్‌లో (కోడ్ మార్పులు దాచే సాధనం) కమిట్ కొట్టగానే విమ్ వచ్చి మీద పడకుండా కోర్ డాట్ ఎడిటర్ సెట్టింగ్‌లో నానో అని పెట్టేసుకోండి. నేను ఎనిమిదేళ్లుగా ఇలాగే బతుకుతున్నాను, ప్రమోషన్లు కూడా వచ్చాయి.

కర్మ_ముందు_క్రియ_వెనక:

పాత_కీబోర్డు గారు చెప్పిన దాంట్లో ఒక్కటి ఒప్పుకోను. అంతా అలవాటే అంటే విమ్‌కీ ఏదో ఒక చెత్త ఎడిటర్‌కీ తేడా లేదన్నట్టే కదా, చెత్తని కూడా అలవాటు చేసుకోవచ్చు. విమ్‌లో ఉన్నది షార్ట్‌కట్ల పట్టిక కాదు, అదొక భాష. డీ అంటే తీసెయ్, సీ అంటే తీసేసి కొత్తది రాస్తా, వై అంటే కాపీ. ఐ అంటే లోపల, డబ్ల్యూ అంటే పదం, పీ అంటే పేరా, కోట్ గుర్తు అంటే కోట్ల మధ్య ఉన్నది. సీ, ఐ, కోట్ అని వరసగా మూడు కొడితే కోట్ల లోపలున్న మాటంతా పోయి కొత్తది రాయడానికి సిద్ధంగా ఉంటుంది. డీ, ఐ, కోట్ అంటే ఏమవుతుందో ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు, మీకే తెలిసిపోయింది. క్రియలు నాలుగు, నామవాచకాలు పది నేర్చుకుంటే నలభై పనులు వచ్చినట్టే. ఇంట్యూటివ్ అంటే నా దృష్టిలో అదీ, ముందెప్పుడూ చేయని పనికి మీట ఏదో ఊహించగలగడం.

కానీ నాకు మొదట్లో ఏం ఇబ్బంది అయిందో చెప్తాను, నవ్వకండి. విమ్ ఇంగ్లిష్‌లో ఆలోచిస్తుంది. డిలీట్ వర్డ్, చేంజ్ పేరాగ్రాఫ్, క్రియ ముందు, కర్మ తర్వాత. మనం ‘పదం తీసెయ్’ అంటాం, ‘తీసెయ్ పదం’ అనం. నా చెయ్యి ఎప్పుడూ ముందు ఆ పదం దగ్గరికి పోయి దాన్ని పట్టుకుని తర్వాత ఏం చేయాలో ఆలోచించేది. సంవత్సరం తర్వాత హీలిక్స్ అనే ఎడిటర్ చూశాను, రస్ట్‌లో రాసింది, కకూన్ అనే ఇంకోదాని దారిలో వచ్చింది. అందులో వరస తిరగబడి ఉంటుంది, డబ్ల్యూ కొడితే పదం సెలెక్ట్ అయి రంగు మారి కనపడుతుంది, అప్పుడు డీ కొడితే పోతుంది. లైనుకి ఎక్స్, తర్వాత డీ. కోట్ల లోపలిది కావాలంటే ఎమ్, ఐ, కోట్, ఆ తర్వాత సీ. ఏది పోబోతోందో ముందే కళ్లకి కనపడుతుంది, పొరపాటు పట్టుకుంటే వదిలేయొచ్చు. తెలుగు వాక్యంలాగే కర్మ ముందు, క్రియ చివర. నా పేరు కూడా అందుకే ఇలా పెట్టుకున్నా. విమ్‌లోనూ వీ నొక్కి ముందు సెలెక్ట్ చేసుకుని పని కానిచ్చే వీలుంది, విమ్ ముసలాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు, పట్టించుకోకండి.

అయితే సర్వర్లలో హీలిక్స్ దొరకదు, వీఐ దొరుకుతుంది. వీఐ పోసిక్స్ అనే యూనిక్స్ ప్రమాణంలోనే ఉంది, అందుకే దాదాపు ప్రతి యూనిక్స్ పెట్టెలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. (కంటెయినర్లలో మాత్రం ఒక్కోసారి అదీ ఉండదు, నానో కూడా ఉండదు, అప్పుడు దేవుడే దిక్కు.)

గోంగూరపప్పు:

పాత_కీబోర్డు అన్నా, నిజమే, ఆ ఫైలు చివర్లో కోలన్ క్యూ ఆశ్చర్యార్థకం రెండుసార్లు ఉంది. రెండోసారి గట్టిగా కొట్టా అనుకుంటా.

పదేళ్ల లెక్క అనేసరికి నోరు మూతపడింది. కానీ ఒక అనుమానం, ఆ పదేళ్లు నేను ఎలాగూ ఖర్చు పెట్టేశాను కదా, ఆ పెట్టుబడి వాడుకోకుండా కొత్తగా మొదలెట్టడం తెలివైన పనేనా? ఇంకోటి, నేను తెలుగు కంటెంట్ ఉండే యాప్ మీద కూడా పనిచేస్తాను, అనువాదాల ఫైళ్లలో తెలుగు ఉంటుంది. టెర్మినల్‌లో తెరిస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురుగా పడుతున్నాయి. అది నా సెట్టింగా, అందరికీ అంతేనా?

దీర్ఘం_తీయకు:

చాలామందికి అంతే. టెర్మినల్ అనేది తెరని సమానమైన గళ్లుగా కోసి గడికొక అక్షరం పెట్టే పద్ధతి, మన లిపి ఆ గళ్లలో ఇమడదు. ‘స్త్రీ’ చూడండి, మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం, మొత్తం ఆరు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. దాన్ని ఎన్ని గళ్లలో పెట్టాలో టెర్మినల్‌కీ ఎడిటర్‌కీ లెక్క కుదరకపోతే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. వీఎస్ కోడ్ లోపల నడిచేది బ్రౌజర్ ఇంజనే కాబట్టి తెలుగు వెబ్‌పేజీలో కనపడ్డట్టే శుభ్రంగా కనపడుతుంది. నీ ఫ్యాను హెలికాప్టర్ అవడానికీ సగం కారణం అదే, ప్లస్సూ మైనస్సూ ఒకేచోట.

నేను ఈమాక్స్ అనే ఇంకో పాత ఎడిటర్ వాడే మనిషిని. విడి విండోలో తెరిస్తే (టెర్మినల్‌లో కాదు) తెలుగు బాగా వస్తుంది, 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అక్షరాలని సరిగ్గా పేర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడుతున్నారు. తెలుగు టైపింగ్ కూడా లోపలే ఉంది, ఇన్‌స్క్రిప్ట్ కావాలంటే అదీ, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఐట్రాన్స్ కావాలంటే అదీ, కంట్రోల్‌తో వెనక్కి వాలిన గీత కొడితే తెలుగు, మళ్లీ కొడితే ఇంగ్లిష్. ఇక్కడ ఒక చిన్న విషయం, విమ్‌లో తెలుగు రాసేవాళ్లకి మాత్రమే తెలిసే నరకం ఇది. సిస్టమ్ కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో పెట్టి రాస్తారు, ఎస్కేప్ కొడతారు, కిందికి పోదామని జే కొడతారు, కానీ జే మీట నుంచి వచ్చేది ‘ర’. విమ్‌కి ‘ర’ అనే ఆజ్ఞ తెలీదు. ప్రతిసారీ కీబోర్డు మార్చుకోవాలి. ఈమాక్స్‌లో ఆజ్ఞలు కంట్రోల్, ఆల్ట్‌లతో ఉంటాయి కాబట్టి తెలుగు పెట్టుకున్నా వాటికేం కాదు. రెండు భాషల్లో రాసేవాడికి ఇంట్యూటివ్ అనే మాట వేరేగా ఉంటుందండి, ఏది సులువో లెక్కలు వేసేవాళ్లు దీన్ని చూడరు.

నష్టం కూడా చెప్పాలి. ఎడమ చిటికెన వేలు నొప్పి పుడుతుంది. క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకున్నాక తగ్గింది. సెట్టింగ్స్ సర్దుకోవడం అనే జబ్బు మాత్రం తగ్గదు, ఆదివారాలు హారతి కర్పూరంలా కరిగిపోతాయి.

సుద్దముక్క:

ల్యాబ్‌లో పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్తాను, ఏటా కొత్త బ్యాచ్ మొదటిసారి ఎడిటర్ తెరవడం చూస్తాను కాబట్టి నాలుగు మాటలు. అంతా అలవాటే అనడం సగం నిజం. ఏమీ రాని పిల్లాడు కూడా కొన్నిచోట్ల దారి వెతుక్కోగలడు, కొన్నిచోట్ల వెతుక్కోలేడు. కారణం ఏంటంటే చేయగలిగిన పనులు కళ్లకి కనపడుతున్నాయా, దాక్కున్నాయా అన్నది. వీఎస్ కోడ్‌లో కంట్రోల్ షిఫ్ట్ పీ అనే ఒక్కటి చెప్తే చాలు, ‘కామెంట్’ అని కొడతారు, పని దొరుకుతుంది, పక్కనే దాని షార్ట్‌కట్ రాసి ఉంటుంది, పదిసార్లు అలా చేశాక వాళ్లే షార్ట్‌కట్‌కి వచ్చేస్తారు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. విమ్ ఖాళీగా తెరిస్తే బయటికి ఎలా పోవాలో రాసి ఉంటుంది, ఫైలుతో తెరిస్తే అదీ ఉండదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ‘విమ్‌లోంచి బయటపడటం ఎలా’ అనే ప్రశ్నని పది లక్షల సార్లు చూశారని 2017లో వాళ్లే రాశారు, అన్ని లక్షల మందీ తెలివితక్కువవాళ్లు కాదు.

ఇంకోటి మోడ్‌లు. అదే మీట ఒకసారి అక్షరం, ఒకసారి ఆజ్ఞ. జిరాక్స్ పార్క్ అనే పరిశోధనశాలలో పనిచేసిన లారీ టెస్లర్, కట్ కాపీ పేస్ట్ మనకిచ్చినవాళ్లలో ఒకరు, ఆయన మోడ్‌లంటే ఎంత మండిపడేవాడంటే కారు నంబరు ప్లేటు మీదే ‘నో మోడ్స్’ అని పెట్టుకున్నాడు. ఆయన కోపం ఉత్తదే అని విమ్ వాళ్లు అంటారు, కానీ ఈ పిల్లాడి పోర్టు నంబరు కథ మొత్తం మోడ్ కథే కదా.

అలాగని వీఎస్ కోడ్‌ని నెత్తిన పెట్టుకోను. ఏటా సగం క్లాసు ఒకేచోట పడిపోతుంది. ఎడమ పక్కన ఫైలు మీద ఒక్క క్లిక్ కొడితే అది ప్రివ్యూలో తెరుచుకుంటుంది, ట్యాబు మీద పేరు వాలి ఉంటుంది, ఇంకో ఫైలు మీద క్లిక్ చేయగానే మొదటిది మాయం. ‘సార్, నా ఫైలు పోయింది’ అని వస్తారు. పోలేదు బాబూ, డబుల్ క్లిక్ చేయాలి. ఇంకోటి, సేవ్ చేయని ఫైలుకి ట్యాబు మీద చిన్న చుక్క పెడుతుంది. ఆ చుక్క చూడక పాత కోడే మళ్లీ మళ్లీ రన్ చేసి ‘మార్చినా మారట్లేదు సార్’ అంటారు. ఆటో సేవ్ ఆన్ చేయించాక నా గొంతుకి కాస్త విశ్రాంతి. కంట్రోల్ ఎమ్ పొరపాటున తగిలితే టాబ్ కొట్టినా ఖాళీ పడదు, ఫోకస్ ఎటో పోతుంది, నాకు మొదటిసారి దాని కారణం దొరకడానికి ఒక పూట పట్టింది.

బాబూ గోంగూర, నీ పదేళ్ల పెట్టుబడి పారేయకు. వీఎస్ కోడ్‌లోనే ఉండు. సర్వర్ కోసం విమ్‌లో ఐదారు ముక్కలు నేర్చుకో, రాయడానికి ఐ, ఆపడానికి ఎస్కేప్, సేవ్ చేసి బయటికి రావడానికి కోలన్ డబ్ల్యూ క్యూ, సేవ్ చేయకుండా రావడానికి కోలన్ క్యూ ఆశ్చర్యార్థకం, వెతకడానికి ముందుకి వాలిన గీత, అండూకి యు. టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ అని కొడితే అరగంట పాఠం వస్తుంది, అది ఒక్కసారి పూర్తి చెయ్. ఎస్ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) మీదుగా వీఎస్ కోడే సర్వర్ ఫైళ్లు తెరిచే ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది, కానీ అది అవతల కూడా ఒక ముక్క ఇన్‌స్టాల్ చేస్తుంది, ప్రొడక్షన్ పెట్టెల మీద మీవాళ్లు ఒప్పుకుంటారో లేదో అడిగి చెయ్.

పాత_కీబోర్డు:

సుద్దముక్క గారూ, కనపడటం, దాక్కోవడం అన్న తేడా నేను వదిలేశాను, ఒప్పుకుంటున్నా. అయితే మోడ్‌ల విషయంలో పేచీ ఉంది. మనం కోడ్ రాసేది తక్కువ, చదివేది, తిరిగేది, అక్కడక్కడా మార్చేది ఎక్కువ. అక్షరాల మీటలన్నీ ఎప్పుడూ అక్షరాలకే కేటాయిస్తే ఆ మిగతా పనంతా కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి వేళ్లు మెలితిప్పుకుని చేయాలి. దాని ఫలితం దీర్ఘం_తీయకు గారి చిటికెన వేలుని అడగండి.

తమ్ముడూ, రెండూ వదులుకోకుండా ఒక దారి ఉంది. వీఎస్ కోడ్‌లో విమ్ ఎక్స్‌టెన్షన్ వేసుకో. ఫైళ్లు, డీబగ్గర్, తెలుగు ఒత్తులు అన్నీ అలాగే ఉంటాయి, మీటలు మాత్రం విమ్‌వి. విసుగొస్తే ఆపెయ్. పని తొందరున్న రోజు అసలు ముట్టుకోకు.

గోంగూరపప్పు:

మూడు వారాల తర్వాత వచ్చాను, మర్చిపోలేదు.

గిట్‌కి నానో పెట్టేశాను, ఉప్మా_వద్దు గారికి దండం. విమ్‌ట్యూటర్ ఒకసారి చేశా, రెండోసారి సగంలో ఆపా. వీఎస్ కోడ్‌లో విమ్ ఎక్స్‌టెన్షన్ సాయంత్రం ఆరు తర్వాతే ఆన్ చేస్తున్నా, పగలు పాత పద్ధతే. సీ, ఐ, కోట్ మాత్రం నిజంగా బాగుంది, పగలు కూడా చెయ్యి దానికోసం వెతుక్కుంటోంది. మిగతాది ఇంకా కుస్తీయే. హీలిక్స్ కూడా ఒక గంట చూశా, పదం పట్టుకుని తీసెయ్యడం హాయిగా ఉంది గానీ సర్వర్‌లో దొరకదంటే భయమేసి వదిలేశా. ఎక్స్‌టెన్షన్లు నాలుగు తీసేస్తే ఫ్యాను కూడా శాంతించింది, తప్పు ఎడిటర్‌ది కాదు నాది.

ఇప్పుడే ఒకటి జరిగింది, అర్జెంటు. సర్వర్ మీద విమ్‌లో ఉన్నా. కిందికి దిగుదామని జే నొక్కుతూ పోతుంటే లైన్లన్నీ వచ్చి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. కాన్ఫిగ్ మొత్తం ఒక్క లైను అయిపోయింది. సేవ్ చేయలేదు, ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నా.

పాత_కీబోర్డు:

క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంది. పెద్ద జే అంటే కింది లైనుని పైదానికి కలపడం. ముందు క్యాప్స్ లాక్ తీసెయ్, తర్వాత యు నొక్కుతూ పో, చిన్న యు. పెద్దది నొక్కకు, దాని అర్థం వేరు.